భాషా సాంకేతిక విద్యకు అర్హత ఏమిటి? చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తెలుగు నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

భాషా సాంకేతిక శాస్త్రంలో పై చదువు చదవగోరే విద్యార్థికి ఏ అర్హతలుండాలి, చేరిన తరువాత ఏయే పాఠ్యాంశాలు తప్పనిసరిగా చదవాలి అన్న ప్రశ్న పైకి చూస్తే విశ్వవిద్యాలయాల పాఠ్యమండలులు ఒక పూట కూర్చుని తేల్చుకోగల విషయంలా కనిపిస్తుంది. కాని అర్హతా నియమం ఏదైనా దాని వెనుక భాషను గురించిన ఒక అభిప్రాయం దాగి ఉంటుంది. ఎవరి తెలుగు తెలుగు? తెలుగు మాట్లాడటం తెలుగు రావటమా, తెలుగు రాయటం తెలుగు రావటమా? ఈ ప్రశ్నలు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో అంతగా బాధించవు. అక్కడ మాటా రాతా ఒకే బడిలో కలిసి పెరుగుతాయి. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో మాత్రం మాట ఒక దారిన, రాత ఒక దారిన నడిచాయి. అందుచేత ఈ మూడు తాలూకాలను గీటురాయిగా పెట్టుకుని భాషా సాంకేతిక విద్య మన దేశంలో ఎలా రూపుదిద్దుకున్నదో, దాని నియమాలలో ఏది చాలినదో ఏది చాలనిదో పరిశీలించాలని మేము తలపెట్టాము.

ముందుగా ప్రాంతాన్ని గురించి నాలుగు మాటలు. ఈ మూడు తాలూకాలూ పాత మైసూరు సంస్థానంలోని కోలారు జిల్లాలోవి. 2007లో కోలారు జిల్లాను విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లాను ఏర్పరచారు. 2011 జనాభా లెక్కల ప్రకారం కొత్త జిల్లా జనసంఖ్య 12,55,104. బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్ళే రహదారి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా పోయి ఆంధ్ర సరిహద్దు దాటుతుంది. ఊళ్ళ పేర్లే ఇక్కడి భాషాస్థితిని చెబుతాయి. బాగేపల్లిలో ఉన్నది తెలుగు 'పల్లి', ముద్దేనహళ్ళిలో ఉన్నది కన్నడ 'హళ్ళి'. కన్నడంలో చిక్కబళ్ళాపురమైన ఊరు తెలుగువారి నోట చిన్నబళ్ళాపురం. ముద్దేనహళ్ళిలో 1861లో జన్మించిన విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు మోక్షగుండం, అంటే ఆంధ్రదేశంలోని ఒక ఊరి పేరు. ఇంటిపేరులో ఒక భాషాప్రాంతం, పుట్టిన ఊరి పేరులో మరొక భాషాప్రాంతం ఇమిడి ఉండటం ఇక్కడ వింత కాదు.

ఈ ప్రాంతపు భాషాసామగ్రిని మొట్టమొదట శాస్త్రీయంగా పోగుచేసినవాడు బి. లూయిస్ రైస్. ఆయన 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' పదవ సంపుటం 1905లో వెలువడింది. అది కోలారు జిల్లా శాసనాల సంపుటం. శాసనాలను ఆయన భాషను బట్టి విడదీయలేదు, తాలూకాను బట్టి కూర్చాడు. చింతామణి శాసనాలన్నీ ఒకచోట, బాగేపల్లి శాసనాలన్నీ ఒకచోట. అందువల్ల కన్నడ, తెలుగు, తమిళ శాసనాలు ఒకే సంపుటంలో పక్కపక్కనే నిలిచాయి. భాష ముందు, ప్రాంతం తరువాత అనుకుని ఉంటే వీటిలో ఒక భాగం ఏదో ఒక సంపుటానికి అనుబంధంగా మిగిలిపోయేది. ఈ చిన్న విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. నూరేళ్ళు దాటిన తరువాత సాంకేతిక రంగం ఇదే పద్ధతికి తిరిగి వచ్చింది.

లిపి విషయం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలని అందరికీ తెలిసిందే. విజయనగర కాలం దాకా వాటి మధ్య భేదం స్వల్పం. 19వ శతాబ్దంలో అచ్చు అక్షరాలు పోతపోసిన తరువాత తలకట్టు తీరు, కొన్ని అక్షరాల వంపులు స్థిరపడి అవి రెండు లిపులుగా నిలిచాయి. చింతామణి తాలూకాలోని కైవారంలో వెలసిన నారాయణప్ప, జనం నోట కైవారం తాతయ్య, తెలుగులోను కన్నడంలోను కీర్తనలు, తత్త్వాలు చెప్పాడు. ఆయన తెలుగు రచనలు ఆ ప్రాంతంలో కన్నడ లిపిలో అచ్చయి, కన్నడ లిపిలోనే చదవబడుతూ, తెలుగుగా పాడబడుతూ వస్తున్నాయి. చదివేవాడికి తెలుగు అక్షరం రాదు, పాడేది మాత్రం తెలుగు. దీనిని లోపమనటం కంటె ఒక సంప్రదాయమనటమే న్యాయం. కాని మన అర్హతా నియమాలకు ఈ సంప్రదాయం ఉన్నట్టే తెలియదు.

ఇక భాషా సర్వేక్షణల సంగతి. గ్రియర్సన్ ఆధ్వర్యంలో సాగిన భారత భాషా సర్వేక్షణ ఎంతో గొప్ప కృషి. కాని మద్రాసు రాష్ట్రం, హైదరాబాదు, మైసూరు సంస్థానాలు దాని పరిధిలోకి రాలేదు. ద్రావిడ భాషలపై 1906లో వెలువడిన నాలుగవ సంపుటం ఉన్నప్పటికీ కోలారు ప్రాంతపు తెలుగు క్షేత్రపరిశీలనకు నోచుకోలేదు. ఇది మొదటి తప్పిపోవటం. రెండవది స్వాతంత్ర్యం వచ్చిన తరువాత. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వెలువరించింది. తెలుగు మాండలికాల విభజనకు అది పునాది వేసింది. కాని అకాడమీ ఆంధ్రప్రదేశ్‌ది. పదాలు సేకరించినది ఆ రాష్ట్రపు జిల్లాలలో. హిందూపురం దాకా వచ్చిన సర్వేక్షణ సరిహద్దు దాటి బాగేపల్లిలో అడుగు పెట్టలేదు. ఇందుకు ఆ పండితులను తప్పుపట్టటం మా ఉద్దేశం కాదు. 1956 రాష్ట్రాల పునర్విభజనలో కోలారు జిల్లా మైసూరులోనే నిలిచింది. రాష్ట్రం గీత ఎక్కడ గీస్తే అకాడమీ పరిధి అక్కడ ముగుస్తుంది.

మూడవది కంప్యూటరు యుగంలో జరిగింది. 1991లో కేంద్ర ఎలక్ట్రానిక్సు శాఖ భారతీయ భాషల సాంకేతికాభివృద్ధికి ఒక ప్రత్యేక కార్యక్రమాన్ని చేపట్టింది. దానిలో భాగంగా ముఖ్యమైన భారతీయ భాషలకు ఒక్కొక్కదానికి సుమారు 30 లక్షల పదాల పాఠ్యనిధిని తయారుచేయాలని సంకల్పించారు. దక్షిణాది నాలుగు భాషల పని 1969లో మైసూరులో నెలకొన్న భారతీయ భాషల కేంద్రీయ సంస్థకు అప్పగించారు. తెలుగు పాఠ్యనిధి కర్ణాటకలోనే తయారైందన్నమాట. అయినా అది అచ్చులో ఉన్న తెలుగు నుంచి తీసినది. పుస్తకాలలో, పత్రికలలో వచ్చిన భాష అది. అచ్చు తెలుగు లేని చోట మాట్లాడే తెలుగు అందులో చేరటానికి దారి లేదు. ఇలా ఒక ప్రాంతపు భాష మూడుసార్లు, మూడు వేర్వేరు కారణాలతో లెక్కకు రాలేదు. మొదట సంస్థానపు సరిహద్దు వల్ల, తరువాత రాష్ట్రపు సరిహద్దు వల్ల, చివరికి లిపి సరిహద్దు వల్ల.

బడి చదువు చరిత్ర ఈ మూడవ సరిహద్దును గట్టిపరచింది. మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుంచి 1949 వరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తెలుగు బోధించారు. సంస్థానంలో పై చదువులో తెలుగుకు ఆనాడే గౌరవస్థానం ఉండేది. కాని పైన గోపురం ఉన్నంత మాత్రాన కింద పునాది ఉన్నట్టు కాదు. గోకాక్ సంఘం 1981లో నివేదిక ఇచ్చింది, 1982లో పెద్ద ఉద్యమం నడిచింది, ఆపైన కర్ణాటక పాఠశాలల్లో కన్నడం స్థానం బలపడింది. 1994 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రాథమిక స్థాయిలో మాతృభాషనో కన్నడాన్నో బోధనమాధ్యమం చేసింది. 2014లో సుప్రీంకోర్టు ఆ నిర్బంధం చెల్లదని తీర్పు చెప్పింది. 2015లో కన్నడ భాషాభ్యాస చట్టం వచ్చింది. రాష్ట్రభాషను రాష్ట్రంలోని పిల్లలందరూ నేర్చుకోవాలన్నది సమంజసమే. మేము దానిని ప్రశ్నించటం లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం రాసి, కళాశాలలో ఇంగ్లీషు చదివే యువకుడు ఈ చరిత్ర ఫలితమని మాత్రమే చెబుతున్నాము. అతనికి మూడు భాషలు వచ్చు. మాతృభాషలో మాత్రం అక్షరాలు రావు.

ప్రభుత్వ వ్యవహారంలోనూ ఇదే. 2000 తరువాత రెండేళ్ళలో కర్ణాటక ప్రభుత్వం 'భూమి' పథకం కింద రాష్ట్రంలోని సుమారు 2 కోట్ల భూమి దస్తావేజులను కంప్యూటరులోకి ఎక్కించింది. బాగేపల్లి రైతు తన పొలం 'పహణి'ని కన్నడంలో పొందుతాడు. సరిహద్దుకు అవతల చిలమత్తూరు రైతు అదే తరహా పత్రాన్ని 'అడంగలు' అని తెలుగులో పొందుతాడు. ఇద్దరూ సంతలో కలిసినప్పుడు మాట్లాడేది ఒకే తెలుగు. ఇవతలి రైతు నోట మాత్రం పహణి, ఖాతె, అర్జి వంటి మాటలు కన్నడ కచేరి నుంచి వచ్చి తెలుగు విభక్తులు తగిలించుకుని తిరుగుతాయి. 'చేస్తున్నాడు' బదులు 'చేస్తాండాడు' అనే దక్షిణ మాండలిక రూపం వాటి పక్కన నిలుస్తుంది. ప్రామాణిక రూపాల మీద మాత్రమే కట్టిన పదవిశ్లేషకం ఇటువంటి వాక్యం దగ్గర తడబడటంలో ఆశ్చర్యం లేదు.

యంత్రానికి లిపి ఎలా చేరిందో ఇప్పుడు చూద్దాం. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 13194 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. ఇస్కీ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ సంకేతావళిలో భారతీయ లిపులన్నింటికీ ఒకే సంకేతాలు. 'క' అనే ధ్వనికి ఒక సంఖ్య. అది తెలుగులో కనబడాలా కన్నడంలో కనబడాలా అన్నది వేరే సూచనతో తేలుతుంది. ఈ ఊహ మన ప్రాంతానికి ఎంత అనుకూలమో వేరే చెప్పనక్కరలేదు. కైవారం తాతయ్య కీర్తనను ఒకసారి ఎక్కిస్తే రెండు లిపులలోనూ చదువుకోవచ్చు. అదే 1991లో యూనికోడ్ తొలి ప్రమాణం కూడా వెలువడింది. అందులో ఒక్కొక్క లిపికి ఒక్కొక్క గది. తెలుగు గది పక్కదే కన్నడ గది. ఇస్కీ వరుసనే అనుసరించటం వల్ల తెలుగు 'క'కు సరిగ్గా 128 స్థానాల అవతల కన్నడ 'క' ఉంటుంది. తక్కిన అక్షరాలలో చాలావాటికి ఇదే లెక్క.

కాబట్టి లిపిమార్పిడి సులువేనని, ఇక సమస్య ఏమున్నదని కొందరు అడగవచ్చు. ఇక్కడే విద్యార్థి కొంత భాషాశాస్త్రం తెలిసినవాడై ఉండాలి. 'చాప', 'చీమ' అనే మాటలలో మొదటి హల్లుకు రాతలో ఒకే గుర్తు. నోట మాత్రం మొదటిది దంత్యం, రెండవది తాలవ్యం. దంత్య చకార జకారాలకు తెలుగులో ప్రత్యేకంగా ఉన్న గుర్తులకు 2008లో యూనికోడ్‌లో స్థానం దొరికింది. వాటికి కన్నడ గదిలో జత లేదు. రాత నుంచి రాతకు మార్చేటప్పుడు ఇది అంతగా తెలియకపోవచ్చు. మాటను రాతగా, రాతను మాటగా మార్చే యంత్రం తయారుచేసేటప్పుడు మాత్రం ఈ భేదం తెలియనివాడు పొరపాటు ఎక్కడ జరిగిందో పట్టుకోలేడు. 128 కలపటం ఎవరికైనా నేర్పవచ్చు. ఎక్కడ కలపకూడదో తెలియాలంటే ధ్వనిశాస్త్రం కావాలి.

ఇప్పుడు పాఠ్యప్రణాళికల చరిత్రకు వద్దాం. మన దేశంలో భాషా సాంకేతిక విద్య రెండు గుమ్మాల నుంచి ఇంట్లోకి వచ్చింది. ఒకటి భాషాశాస్త్రపు గుమ్మం, రెండవది ఇంజనీరింగు గుమ్మం. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కొనసాగిన 'అనుసారక' కృషిలో ఈ రెండూ కలిశాయి. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు పాణినీయ కారక సిద్ధాంతాన్ని యంత్రానువాదానికి అన్వయించి 1995లో గ్రంథం వెలువరించారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రంలో తెలుగు పదవిశ్లేషణపై విస్తృతంగా పరిశోధన జరిగింది. 1998లో హైదరాబాదులో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ ఏర్పడి, త్వరలోనే అందులో భాషాసాంకేతిక పరిశోధన కేంద్రం నెలకొన్నది. కంప్యూటరు శాస్త్రాన్నీ గణన భాషాశాస్త్రాన్నీ ఒకే విద్యార్థికి కలిపి నేర్పే జంట పట్టాను ఆ సంస్థ తరువాత ప్రవేశపెట్టింది.

మన మూడు తాలూకాలకు వీటికంటె దగ్గరది కుప్పం. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే చోట 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపితమైంది. ద్రావిడ, గణన భాషాశాస్త్రాలకు అక్కడ ఒక శాఖనే ఏర్పరచారు. ఎల్లల మీది భాషలకు ఎల్ల మీదనే విశ్వవిద్యాలయం ఉండాలన్న ఆలోచన ఆ స్థలనిర్ణయంలోనే కనిపిస్తుంది. కర్ణాటక వైపు చూస్తే విశ్వేశ్వరయ్యగారి పేరిట 1998లో ఏర్పడిన సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఆయన పుట్టిన ముద్దేనహళ్ళిలోనే స్నాతకోత్తర కేంద్రం ఉన్నది. కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల కళాశాలలు 2017లో ఏర్పడిన బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం పరిధిలోవి. విద్యాసంస్థలకు కొరత లేదని దీనిని బట్టి తెలుస్తున్నది. ఇంజనీరింగు ఒకచోట, తెలుగు ఒకచోట, భాషాశాస్త్రం మరొకచోట ఉండటమే కొరత.

పరిశోధన పట్టాల నియమాలు ఈ మధ్యకాలంలో మూడుసార్లు మారాయి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2009లో పిహెచ్.డి. విద్యార్థులకు కనీసం ఒక అర్ధసంవత్సరం కోర్సు పనిని తప్పనిసరి చేసింది. పరిశోధన పద్ధతుల పాఠంలో గణాంక పద్ధతులు, కంప్యూటరు వినియోగం చేర్చవచ్చునని సూచించింది. సాహిత్య శాఖల్లోకి కంప్యూటరు పాఠ్యాంశంగా రావటానికి ఈ ఒక్క వాక్యం చాలా దోహదం చేసింది. 2016 నిబంధనలు కోర్సు పనిని 8 నుంచి 16 క్రెడిట్లుగా నిర్ణయించాయి. 2019లో పరిశోధన, ప్రచురణల నీతికి 2 క్రెడిట్ల కోర్సు వచ్చింది. 2022 నిబంధనలు కనీసం 12 క్రెడిట్లు కావాలన్నాయి, ఎం.ఫిల్. పట్టాను నిలిపివేశాయి. స్నాతకోత్తర పట్టాలో 55 శాతం మార్కులు ఉన్నవారితో పాటు, నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారికి కూడా పిహెచ్.డి. ప్రవేశానికి అర్హత కల్పించాయి.

ఈ మార్పులు చింతామణి విద్యార్థికి ఏమి చేశాయి? చివరి మార్పు ఒక తలుపు తెరిచింది. స్థానిక కళాశాలలో నాలుగేళ్ళ ఇంజనీరింగు చదివి మంచి మార్కులు తెచ్చుకున్న యువతి నేరుగా పరిశోధనకు రావచ్చు. ఎం.ఫిల్. రద్దు మరొక తలుపు మూసింది. ఒక శాస్త్రం నుంచి మరొక శాస్త్రానికి మారేవారికి ఎం.ఫిల్. ఒక మెట్టుగా ఉండేది. తెలుగు ఎం.ఏ. చదివినవాడు గణన భాషాశాస్త్రంలో అడుగు పెట్టటానికి ఆ ఏడాదిన్నర, రెండేళ్ళ వ్యవధి అక్కరకు వచ్చేది. ఇక ఇంజనీరింగు వైపు నుంచి వచ్చే యువతి సంగతి: తెలుగు శాఖలో చేరాలంటే సాధారణంగా తెలుగు పట్టా కావాలి, కనీసం ప్రవేశపరీక్ష తెలుగు లిపిలో రాయగలగాలి. ఆమె తెలుగు బాగేపల్లి సంతలో చెల్లుతుంది, విశ్వవిద్యాలయంలో చెల్లదు. ఆమె కన్నడ భాషాసాంకేతికం వైపు వెళితే అక్కడ ఆమెకు స్వాగతమే. అప్పుడు తెలుగు పరిశోధనకు లాభించవలసిన మాతృభాషాజ్ఞానం ఎవరికీ పనికిరాకుండా పోతుంది.

నష్టం ఆ విద్యార్థికి మాత్రమే కాదు. అనుసారక కృషిలో తెలుగు నుంచి హిందీకి, కన్నడం నుంచి హిందీకి మార్గాలు వేశారు. 2006 తరువాత అనేక సంస్థలు కలిసి చేపట్టిన భారతీయ భాషల యంత్రానువాద ప్రణాళికలో తెలుగు-హిందీ, కన్నడం-హిందీ, తమిళం-తెలుగు జంటలకు చోటు దొరికింది. తెలుగు-కన్నడం జంట లేదు. లిపిలోను, వాక్యనిర్మాణంలోను ఇంత దగ్గరగా ఉన్న రెండు భాషలకు నేరుగా దారి వేయాలని తోచకపోవటానికి కారణమేమిటి? రెండింటిలోను పుట్టిపెరిగినవారు ఆ బల్ల దగ్గర తగినంతమంది లేకపోవటం ఒక కారణమని మేము భావిస్తున్నాము.

సాంకేతిక రంగం ఇటీవల తన పద్ధతిని కొంత సవరించుకున్నది. 2022లో కేంద్రప్రభుత్వం 'భాషిణి'ని ప్రారంభించింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ గూగుల్ తోడ్పాటుతో చేపట్టిన 'వాణి' పథకం మాటల సేకరణకు భాషను కాక జిల్లాను ప్రమాణంగా తీసుకున్నది. ఒక జిల్లాలో జనం ఏ భాష మాట్లాడితే ఆ భాషనే రికార్డు చేయాలన్నది దాని సూత్రం. రైస్ 1905లో తాలూకాల వారీగా శాసనాలను కూర్చిన పద్ధతి ఇదే కదా. కాని రికార్డు చేసిన మాటను విని, ఇది తెలుగు, ఇది కన్నడం నుంచి వచ్చిన మాట, ఇది దక్షిణ మాండలిక రూపం అని గుర్తించి రాసేవారు కావాలి. యంత్రం ఆ పని ఎంత చేసినా, చేసినది సరో కాదో చెప్పవలసినవారు మనుషులే. వారిని తయారుచేయవలసినది విశ్వవిద్యాలయాలు.

ఈ చరిత్ర నుంచి మాకు తోచిన సూచనలు నాలుగు. మొదటిది, ప్రవేశంలో భాషాజ్ఞానాన్నీ లిపిజ్ఞానాన్నీ విడివిడిగా చూడాలి. తెలుగు మాట్లాడగలిగి కన్నడ లిపి తెలిసినవారికి తెలుగు లిపి నేర్పటానికి 2 క్రెడిట్ల వారధి కోర్సు ఒక అర్ధసంవత్సరం చాలు. అక్షరాల వరుస ఒకటే, ఆకారాలు దాదాపు ఒకటే. రెండవది, ధ్వనిశాస్త్రం, పదనిర్మాణం, ప్రోగ్రామింగు మూడూ అందరికీ తప్పనిసరి కావాలి. ఏ గుమ్మం నుంచి వచ్చినవారు రెండవ గుమ్మపు పాఠాన్ని మొదట చదవాలి. మూడవది, తెలుగు చదివే ప్రతి విద్యార్థి కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ వంటి పొరుగుభాష ఒకటి నేర్చుకోవాలి. నాలుగవది, రెండు వారాల క్షేత్రపరిశీలన లేకుండా కోర్సు పని పూర్తి కాకూడదు. మాట ఇచ్చినవారి అనుమతి తీసుకోవటం, వారి మాట ఏమయిందో వారికి తిరిగి చెప్పటం ఇందులో భాగం కావాలి. నీతి పాఠానికున్న 2 క్రెడిట్లలో దీనికి చోటు దొరుకుతుంది.

ప్రమాణాలు సడలుతాయేమోనని కొందరు సంకోచించవచ్చు. తెలుగు చదవటం రానివారికి తెలుగులో పరిశోధన పట్టా ఎలా ఇస్తామన్న ప్రశ్న న్యాయమైనదే. మేము కోరుతున్నది పట్టా దగ్గర సడలింపు కాదు, గుమ్మం దగ్గర మాత్రమే. పట్టా నాటికి ఆ విద్యార్థికి రెండు లిపులూ వచ్చి ఉంటాయి. ఒక్క లిపితో ప్రవేశించి ఒక్క లిపితోనే బయటపడేవారి కంటె ఆమెకు తెలిసినది ఎక్కువే అవుతుంది.

2008లో తెలుగు, కన్నడం రెండూ ప్రాచీన భాషలుగా గుర్తింపు పొందాయి. ఆ ప్రాచీనతకు సాక్ష్యాలుగా చూపే శాసనాలలో కొన్ని ఈ తాలూకాల పొలాల గట్లమీదనే నిలిచి ఉన్నాయి. ఆ రాళ్ళమీది తెలుగును మనం నూరేళ్ళ కిందటే నకలు తీసుకున్నాము. ఆ గట్లమీద నడిచేవారి తెలుగును నకలు తీసుకునే పని మాత్రం ఇంకా మొదలు కావలసి ఉన్నది. వచ్చే విద్యాసంవత్సరపు పాఠ్యప్రణాళికలు తయారుచేసే మండలులు ఈ విషయాన్ని చర్చకు తీసుకోవాలని కోరుతున్నాము.